వయసు లెక్క ఏ రోజుది? జార్ఖండ్ కేసు చెప్పిన జవాబు

జువెనైల్ జస్టిస్ అనగానే మనం 2012 నిర్భయ ఘటన, 2015 చట్టం దగ్గర మొదలుపెడతాం. మా జంషెడ్‌పూర్ ఉన్న జార్ఖండ్ నుంచే సుప్రీంకోర్టుకు వెళ్లిన 'ప్రతాప్ సింగ్ వర్సెస్ జార్ఖండ్ రాష్ట్రం' కేసును వదిలేస్తాం.

ప్రశ్న చిన్నది. నిందితుడి వయసును నేరం జరిగిన రోజుకు లెక్కించాలా, కోర్టులో హాజరుపరిచిన రోజుకా? 1982లో ఉమేష్ చంద్ర కేసులో ముగ్గురు జడ్జీలు నేరం రోజే అన్నారు. 2000లో అర్నిత్ దాస్ కేసులో ఇద్దరు జడ్జీలు హాజరు రోజన్నారు. ఈ రెండో మాట నిలిస్తే పోలీసుల ఆలస్యమే ఒక పిల్లవాణ్ణి పెద్దవాణ్ణి చేసేస్తుంది! 2005 ఫిబ్రవరి 2న ఐదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం నేరం రోజునే ఖాయం చేసింది.

అయితే అదే తీర్పు ఒక మెలిక పెట్టింది. 18 ఏళ్ల హద్దు తెచ్చిన 2000 చట్టం, పెండింగ్ కేసుల్లో 2001 ఏప్రిల్ 1 నాటికి 18 నిండనివారికే వర్తిస్తుందని. 2006 సవరణతో పార్లమెంటు దీన్ని సడలించింది. 2009 హరిరామ్ తీర్పు ఆ సవరణను బలపరిచింది. (ప్రిలిమ్స్‌కు ఈ వరుస గుర్తుంచుకోండి.)

ఇక రుజువు సంగతి. 2015 చట్టం సెక్షన్ 94లో ముందు స్కూలు లేదా మెట్రిక్ సర్టిఫికెట్, అది లేకుంటే స్థానిక సంస్థ ఇచ్చే జనన ధ్రువపత్రం, రెండూ లేకుంటేనే ఎముకల పరీక్ష. మరి ఆధార్? ఒక ప్రమాద పరిహారం కేసులో 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌నే ఆసరా చేసుకుని, స్కూలు సర్టిఫికెట్‌కే విలువనిచ్చింది. ఆధార్‌లోని పుట్టిన తేదీని వయసుకు రుజువుగా తీసుకోలేదు.