గాలికి బాట

నంద్యాల నుండి గిద్దలూరునకు నల్లమల ఘాటు మీదుగా పోవు మోటారు బండ్లలో ఒకప్పుడు డ్రైవరు కాళ్ళయొద్ద నీళ్ళ డబ్బా తప్పక ఉండెడిది. వేసవిలో ఎక్కుడు దారిన కొంత దూరము పోగానే రేడియేటరు మూత సందున ఆవిరి బుసకొట్టెడిది. బండి నిలిపి, మూతమీద తడిసిన గోనెగుడ్డ కప్పి, దాని కోపము చల్లారువరకు కాచుకొని, మరల నీరు పోసినగాని అది కదలెడిది కాదు. త్రాగు నీటికే కటకటపడు సీమలో యంత్రమునకును దాహమే! నీరు కోరని మోటారు ఇంజను ఒకటి ఉండరాదా అను ప్రశ్న ఇట్టి దారులలో పుట్టుట సహజము. ఆ ప్రశ్న మోటారుకారంత పాతది. దానికి లభించిన సమాధానమును, ఆ సమాధానమును నేటికిని ఇంటి ముంగిట విప్పి బిగించుకొనువారి పనిని గూర్చి ఇచట కొంత ముచ్చటింతము.

పెట్రోలు మండినపుడు పుట్టు వేడిలో ఇంచుమించు నాలుగవ వంతు మాత్రమే చక్రములు త్రిప్పుటకు పనికివచ్చును. కొంత పొగగొట్టము వెంట పోవును. కొంత సిలిండరు గోడలలోనికి దిగును. దిగిన వేడిని ఎప్పటికప్పుడు తీసివేయకున్న నూనె మాడును, పిస్టను ఉబ్బి పట్టుకొనును. నీటి ఇంజనులో ఆ వేడిని నీరు గ్రహించి రేడియేటరులో గాలికి అప్పగించును. ఆ మాటకు వచ్చిన అన్ని ఇంజనులును తుదకు గాలితో చల్లబడునవే; నడుమ నీరను మధ్యవర్తి ఉన్నాడా లేడా అనునదే భేదము. మధ్యవర్తి వలదనుకొన్నవారు సిలిండరు చుట్టును పలుచని లోహపు రెక్కలు పోతపోసి, వేడి గోడకును గాలికిని తాకిడి పెంచిరి. మన మెకానిక్కులు వానిని ఫిన్నులందురు; ఇట్టి ఇంజనును ఎయిర్‌కూల్డ్ ఇంజను అందురు.

మే నెలలో 44 డిగ్రీల వడగాలి వీచు నంద్యాలలో ఆ గాలియే ఇంజనును చల్లార్చుట యెట్లని సందేహము కలుగవచ్చును. లెక్క వేసి చూచిన సంగతి తారుమారగును. రేడియేటరులోని నీరు 90 డిగ్రీలున్నదనుకొందము. 20 డిగ్రీల చలిదినమున నీటికిని గాలికిని భేదము 70 డిగ్రీలు. 44 డిగ్రీల దినమున ఆ భేదము 46కు పడిపోవును. అనగా చల్లార్చు శక్తిలో మూడవ వంతు పోయినది. గాలితో చల్లబడు ఇంజను తల 200 డిగ్రీలవరకు కాగును. ఇచట భేదము 180 నుండి 156కు మాత్రమే తగ్గును. పోయినది ఎనిమిదవ వంతునకు కొంచెము ఎక్కువ. ఎండ దేశమునకు ఈ ఇంజను పనికిరాదనుట కేవలము భ్రమ. రెండవ ప్రపంచయుద్ధమున జర్మను సైన్యము ఉత్తర ఆఫ్రికా ఎడారులలో కూబెల్‌వాగెన్ అను బండ్లను నడపినది. అవి ఈ జాతివే. కాని ఒక షరతు కలదు. గాలి పుష్కలముగా నుండిన చాలదు. అది పోవలసిన చోటికి పోవలెను. ఈ చిన్న మాటను నేర్చుకొనుటకు ఇంజనీరులకు ఇంచుమించు అర్ధ శతాబ్దము పట్టినది.

ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టరు 1895-96లో నిర్మించిన తొలి కారు ఇంజనునకు నీరు లేదు. అమెరికాలో సిరక్యూజు నగరమున జాన్ విల్కిన్సను రూపొందించిన ఫ్రాంక్లిను కారు 1902లో బజారునకు వచ్చి, 1934 వరకు, ముప్పది సంవత్సరములకు మించి అమ్ముడు పోయెను. ఎదురుగాలిపై ఆధారపడుటతో మొదలిడి, పంకతో గాలిని నడుపుట వరకు ఆ సంస్థ క్రమముగా సాగివచ్చినది. ఇంత అనుభవము కన్నుల యెదుట నుండగా, జనరల్ మోటార్సు సంస్థ 1923లో షెవ్రొలే కారునకు రాగి రెక్కల ఇంజనును అమర్చి చేతులు కాల్చుకొన్నది. దాని రూపకర్త సామాన్యుడు కాడు. మోటారుకు మీట నొక్కిన తిరుగు సెల్ఫ్ స్టార్టరును ప్రసాదించిన చార్లెసు కెటరింగు. రాగి వేడిని చక్కగా లాగునని అతడు నమ్మెను. అది నిజమే. అయినను ఎండకాలమున ఇంజను అతిగా కాగి శక్తి కోల్పోయెను. కొన్ని వందల కార్లు మాత్రమే తయారై, అవియును కంపెనీకి వెనుకకు రప్పింపబడెను. లోహము మంచిదైనంత మాత్రమున కాలేదు.

ఆ 1923లోనే చెకోస్లొవేకియాలో హాన్సు లెడ్వింకా టాట్రా 11 అను చిన్న కారును గాలితో చల్లబడు రెండు సిలిండర్లతో నడపి చూపెను. 1934లో జర్మనీలో ప్రజలకారు రూపకల్పన ఫెర్డినాండు పోర్షేకు అప్పగింపబడెను. సామాన్యునకు కారు పెట్టుకొన గ్యారేజి లేదు, చలికాలమున ఆరుబయట నిలిపిన కారులో నీరు గడ్డకట్టి ఇంజను పగులును. కావున నీరు లేని ఇంజను కావలెననిరి. అచట మంచు భయము, ఇచట ఎండ భయము! రెండింటికిని ఒకే మందు. యుద్ధానంతరము 1945లో బ్రిటిషు సైన్యాధికారి ఐవన్ హర్స్టు శిథిలమైన కర్మాగారమును నిలబెట్టగా ఫోక్స్‌వ్యాగన్ కార్లు నిజముగా ప్రజలకు అందసాగినవి. మన వారును బీటిల్ అని పిలుచు గుండ్రని కారు ఇదియే.

దాని ఇంజను కారు వెనుకభాగమున నుండును. రెండేసి సిలిండర్లు కుడియెడమలకు పరుండియుండును. డైనమో ఇరుసునకే పంకను తగిలించి, దాని చుట్టును రేకు తొడుగు కట్టిరి. పంక త్రోయు గాలి ఆ తొడుగులో దిగి, రెక్కల నడుమనుండి మాత్రమే వెలికి పోవలెను; వేరు దారి లేదు. సిలిండర్ల క్రింద గాలిని మళ్ళించు చిన్న రేకులు, చుట్టును సందులు మూయు రబ్బరు పట్టీలు కలవు. ఒకే బెల్టు డైనమోను, పంకను రెంటిని త్రిప్పును గనుక, బెల్టు తెగిన క్షణమున డ్రైవరు ముందర ఎఱ్ఱదీపము వెలుగును. దానిని లెక్కచేయక ఇంకొక ఊరివరకు పోదమనుకొన్నవాడు ఇంజనును పోగొట్టుకొనును.

పాత ఇంజనును విప్పినవారిలో పెక్కుమంది చేయు పొరపాటు ఈ రేకుల విషయముననే. ఎండ దేశము గదా, గాలి ధారాళముగా తగులవలెనని రేకులు విప్పి మూలన పడవేయుదురు. రబ్బరు పట్టీలు చీకిపోయిన మరల వేయరు. గాలి సులువైన దారి పట్టి, రెక్కలను తాకక బయటికి పోవును. కాగిన గాలి మరల పంకలోనికి వచ్చును. కెటరింగునకు జరిగినది మన పెరటిలో మరల జరుగును. అందమునకు అమర్చిన రేకులు కావవి. ఇంజనులో పిస్టను ఎంత ముఖ్యమో ఆ రేకులంత ముఖ్యము.

కర్మాగారము వారే ఒక చోట గాలికి అడ్డు పెట్టిన ఉదంతము గూడ కలదు. నూనె చల్లార్చు చిన్న గొట్టముల పేటికను వారు పంక తొడుగు లోపల, మూడవ సిలిండరునకు పోవు గాలి దారిలో నిలిపిరి. మూడవ సిలిండరునకు చాలినంత చల్లని గాలి అందదు. దాని ఎగ్జాస్టు వాల్వు తక్కినవానికంటె ముందుగా అలసి, ఒకనాడు తల ఊడి పిస్టనుపై పడి ఇంజనును ముక్కలు చేయును. ఆ ఒక్క సిలిండరునకు మంటను కొద్ది డిగ్రీలు ఆలస్యముగా అంటించునట్లు డిస్ట్రిబ్యూటరును మలచి కొంత కాలము నెట్టుకొనివచ్చిరి. 1971 నమూనాతో గాని ఆ పేటికను జరిపి వేరు గాలి దారి ఏర్పరచలేదు. పాత ఇంజను విప్పినవాడు మూడవ సిలిండరు వాల్వును మొట్టమొదట చూచుట అందువలననే.

ఇంటియొద్ద విప్పుట యనునది ఈ ఇంజను స్వభావములోనే యున్నది. నాలుగు బోల్టులు తీసిన అది గేరుపెట్టె నుండి విడిపోయి, జాకీమీద క్రిందికి దిగును. నీటి గొట్టములు లేవు, రేడియేటరు లేదు. నాలుగు సిలిండర్లును వేర్వేరు గొట్టములు. ఒకటి చెడిన దానినే మార్చవచ్చును. 1969లో అమెరికాలో జాన్ మ్యూర్ అను ఇంజనీరు ఈ కారును సామాన్యుడు తానే బాగుచేసికొనుటకై ఒక పుస్తకము వ్రాయగా, ఎన్నడును పానా పట్టనివారు సైతము దానిని ప్రక్కన పరచుకొని ఇంజనులు విప్పిరి.

మన దేశమునకు బీటిల్ కార్లు కొలదిగానే వచ్చినవి. 1953 తరువాత, ఇచట తయారీకి పూనుకొన్న సంస్థలకే ప్రభుత్వము తావిచ్చుటతో, మన రోడ్లపై అంబాసిడరు, ఫియట్, స్టాండర్డు మిగిలినవి. అవన్నియు నీటి కార్లే. నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతములకు గాలి ఇంజను వేరు రూపమున వచ్చినది. 1955లో మద్రాసు మోటార్సు వారు ఇంగ్లండులోని ఎన్‌ఫీల్డు సంస్థతో కలిసి తిరువొత్తియూరున తయారుచేయించిన బుల్లెట్టు, ఆ వెనుక బజాజు స్కూటరు, ఆటో రిక్షా ఇట్లు వచ్చినవే. బుల్లెట్టు ఇంజను ఎదురుగాలిలో నగ్నముగా నిలుచును. పరుగు తీసినంతసేపు దానికి సుఖము, బజారు రద్దీలో నిలిచిన ఉక్కపోత. స్కూటరు ఇంజను రేకు తొడుగులో దాగి, ఫ్లైవీలు పంక గాలిని త్రాగుచుండును. ఒక విధముగా మన స్కూటరు ఇంజను బీటిల్‌కు తమ్ముడు. స్కూటరు తొడుగు విప్పి మరల బిగించని మెకానిక్కు దగ్గరకు పాత కారును పంపరాదు.

ఇంటి పనికి హంగు పెద్దది కాదు. పానాల పెట్టె, టార్కు రించి, గేజి రేకులు, కిరసనాయిలు, పాత గుడ్డలు, విప్పిన క్రమమున వస్తువులు పరచుటకు తెల్లని బట్ట. వీనికి మించి ఓపిక. నల్లరేగడి దుమ్ము ఈ పనికి శత్రువు. బేరింగుపై రవంత రేగడి పడిన నూనెతో కలిసి ఆకురాయివలె అరగదీయును. గాలి వీచు మధ్యాహ్నముకంటె నేల తడిపిన ఉదయము మేలు.

అరుగుదల తెలిసికొనుటకు ఒక సులువైన పరీక్ష కలదు. పిస్టను రింగును సిలిండరులో దించి, పిస్టను తలతోనే దానిని వంకర లేకుండ త్రోసి, రింగు కొనల నడుమ సందును గేజి రేకుతో కొలువవలెను. బీటిల్ పైరింగునకు ఆ సందు 0.30 నుండి 0.45 మిల్లీమీటర్ల వరకు ఉండవచ్చును. అది రెట్టింపు దాటిన రింగో, సిలిండరో అరిగినట్లే. బీటిల్‌లో పిస్టను, సిలిండరు జతగా మార్చుట వాడుక. 70 మిల్లీమీటర్ల వ్యాసముగల బుల్లెట్టు పోత ఇనుప సిలిండరునకు మాత్రము బోరింగు చేయించి లావు పిస్టను వేయుదురు. ఇది ఇంటిలో అగు పని కాదు. లేతు షాపునకు పోవలెను. ఆళ్ళగడ్డ శిల్పులకు పేరుపొందిన ఊరు గనుక ఈ సంగతి అచటివారికి చెప్ప బనిలేదు: ఉలి ఎక్కువ దిగిన రాతిని మరల అతికించుట లేదు. బోరింగును అంతే. కొనిన పిస్టనును చేతికిచ్చి, దానికి తగినట్లు బోరు చేయుమని చెప్పవలెనే గాని, ముందు బోరు చేయించి పిదప పిస్టను వెదకరాదు.

బిగించుటలో బలముకంటె కొలత ప్రధానము. బీటిల్ ఇంజను పెట్టె మెగ్నీషియం మిశ్రమముతో పోసినది, మెత్తనిది. వేడికి అది ఉక్కు స్టడ్డులకంటె ఎక్కువ సాగును. లావు స్టడ్డులున్న తలకు 3.2 కిలోగ్రాము-మీటర్ల బిగువు చాలును. ఇంకొంచెము గట్టిగా నుండనిమ్మనుకొన్నవానికి మర ఊడి చేతిలోనికి వచ్చును. ఫ్లైవీలు నట్టు దీనికి భిన్నము. దానికి 30 కిలోగ్రాము-మీటర్లు కావలెను. అంతటి రించి ఇండ్లలో నుండదు. మీటరు పొడవు గల పిడిని అడ్డముగా నిలిపి, కొనకు 30 కిలోల బియ్యపు మూటను వ్రేలాడదీసిన లెక్క సరిపోవును. క్రాంకు షాఫ్టు ముందు వెనుకలకు జరుగు ఆటను మూడు పలుచని వాషర్లతో 0.07 నుండి 0.13 మిల్లీమీటర్ల లోపల నిలుపవలెను. చివర రేకులన్నియు, ఒక్క మరయైనను మరువక, రబ్బరు పట్టీలతో సహా బిగింపవలెను.

గాలితో చల్లబడు కార్ల తయారీ ముగిసినది. పొగలోని విషవాయువులపై చట్టములు బిగిసినకొలది, వేడి నిలుకడగా నుండని ఇంజనులు వానికి లొంగలేదు. పోర్షే 911 కారు 1998తో నీటికి మారినది. బీటిల్ 2003 జూలై 30న మెక్సికోలోని ప్యూబ్లాలో ఆగిపోవునాటికి 2 కోట్ల 15 లక్షలకు మించి తయారైనవి. 2005 చివరను బ్రెజిలులోని కోంబి వ్యానుకూడ దానిని విడిచినది. బుల్లెట్టు పోత ఇనుప ఇంజనును 2010 ప్రాంతమున మానివేసిరి. ఇకపై ఉన్నవానిని నిలుపుకొనుటయే.

క్రొత్తగా బిగించిన ఇంజనును వెంటనే అంటింపరాదు. ప్లగ్గులు తీసి, నూనె దీపము ఆరువరకు ఊరక త్రిప్పి, పిదపనే ప్రాణము పోయవలెను. తొలి 500 కిలోమీటర్లు మెల్లగా నడపి, నూనె మార్చి, చల్లబడిన ఇంజనుపై టాపెట్ల సందు మరల కొలువవలెను. ఆళ్ళగడ్డ నుండి సిరివెళ్ళ మీదుగా నంద్యాలకు సుమారు 40 కిలోమీటర్లు. అనగా ఆరు మార్లు పోయి వచ్చుట. వేసవియైనచో తెల్లవారుజామున బయలుదేరుట మంచిది.