గళమునకు ముందు వేషము

అమెరికా గాయని జానెట్ జాక్సన్ 1982లో తన తొలి గీతసంపుటిని వెలువరించుటకు ముందే, 1977 నుండి ‘గుడ్ టైమ్స్’ అను టెలివిజన్ హాస్యధారావాహికయందు పెన్నీ అను బాలికగా నటించి ప్రేక్షకులకు పరిచితురాలయ్యెను. మనదేశమున టెలివిజన్ ఊసు లేని కాలమున వేషముతో చలనచిత్ర ప్రవేశము చేసిన గాయకులను తలంచునపుడు నాకు మొదట స్ఫురించువారు ఘంటసాల వేంకటేశ్వరరావుగారు. ఆయన కంఠము నెరుగని ఇల్లు ఉత్తరాంధ్రమునందలి మా ఊరు పరవాడలో లేదు. ఆయన తొలినాళ్లలో చిన్న వేషములు ధరించి తెరపై నిలిచిరన్న సంగతి మాత్రము ఎరిగినవారు అరుదు.

1922 డిసెంబరు 4న కృష్ణాజిల్లా చౌటపల్లిలో జన్మించిన ఈయన, తండ్రి సూరయ్యగారు తరంగములు పాడుచుండగా చిన్ననాడే అడుగులు వేసి ‘బాల భరతుడ’నిపించుకొనిరి. కనుక అభినయము ఆయనకు పాటతో కవలగా పుట్టినదే. తండ్రి గతించిన పిమ్మట సంగీతము నభ్యసింపవలెనని విజయనగరము చేరి, ఇల్లిల్లు తిరిగి ఎత్తిన భిక్షయగు మధుకరముతో కడుపు నింపుకొనుచు, పట్రాయని సీతారామశాస్త్రిగారి శిష్యులై విద్య గడించిరి. ఆ మహాగాయకుని తీర్చిన విద్య మన ఉత్తరాంధ్రమున లభించినదని చెప్పుకొనుట మాకు గర్వకారణము.

1942 నాటి క్విట్ ఇండియా ఉద్యమమున కారాగారవాసమనుభవించి, 1944లో వివాహానంతరము సినీరచయిత సముద్రాల రాఘవాచార్యగారి ఆదరముతో మద్రాసు చేరి, పగలెల్ల అవకాశములకై తిరిగి రాత్రులు పానగల్ పార్కు వద్ద నిదురించిన ఆ యువకునికి, దర్శకుడు ఘంటసాల బలరామయ్యగారి ‘సీతారామ జననము’లో బృందగానముతోబాటు ఒక చిన్న వేషము లభించెను. ఆ చిత్రమున శ్రీరాముడు అక్కినేని నాగేశ్వరరావు. నాలుగేండ్లకు ‘బాలరాజు’లో ఆ నాయకునికే ఘంటసాల గళమరువిచ్చుట ఎంత చిత్రమైన సంఘటన!

నాడు నటుడే గాయకుడు. ‘త్యాగయ్య’లో చిత్తూరు నాగయ్యగారు తాము నటించుచు తామే పాడిరి. ఆ 1946 నాటి చిత్రమునను ఘంటసాల చిన్న పాత్ర ధరించిరి. అంతకు ముందటి యేడు ‘స్వర్గసీమ’లో భానుమతిగారితో కలిసి నేపథ్యగానము చేసినందుకు 116 రూపాయలు ముట్టెను. నేపథ్యగానము వేళ్లూనిన కొలది ఆయన మోము తెరనుండి తొలగెను. 1960లో ‘శ్రీ వేంకటేశ్వర మాహాత్మ్యము’న స్వామి సన్నిధిని పాడుచు ఆయన స్వయముగా కనబడుట ప్రేక్షకులకు పండుగ.

ఆ చిన్న వేషములు వ్యర్థములని నేననుకొనను. ఏలయన, మన పల్లెల పద్యనాటకములలో రాగము సాగినకొలది ‘వన్స్‌మోర్’లు మ్రోగుచుండగా, అర్థము ఆలాపనలో మునిగిపోవుచుండెను. ఘంటసాల ఆ సాగతీతను కుదించి, పద్యమును పలుకుచున్న పాత్ర మనఃస్థితి ఎట్టిదో దానికి తగిన రాగమునే, తగినంతనే వాడిరి. ఇది వట్టి సంగీతజ్ఞుని వివేకము కాదు, ముఖమునకు రంగు పూసికొని నిలిచినవాని వివేకమని నా నమ్మిక. కవి కరుణశ్రీ పద్యములకు ఆయన గళమిచ్చిన ‘పుష్పవిలాపము’ గ్రామఫోను రికార్డును వినుడు: అందు తెర లేదు, నటుడు లేడు, మాటలాడుచున్నది పూవు, దానికి వలసిన అభినయమంతయు ఆ గళమే నిర్వహించినది.