సూరత్ కోట చుట్టూ మూడు చిన్న నడకలు

సూరత్: వస్త్రాలకు, వజ్రాల సానకు పేరొందిన సూరత్ నగరాన్ని చాలామంది వ్యాపారం ముగియగానే రైలెక్కి వదిలి వెళతారు. పదిహేడో శతాబ్దంలో ఇది మొఘల్ సామ్రాజ్యానికి ప్రధాన రేవు. ఆనాటి సూరత్ ఇప్పటికీ కాలినడకకు అందేంత దూరంలోనే ఉంది. పాత నగరంలో బయలుదేరిన చోటికే తిరిగి చేరుకునే మూడు చిన్న నడకల వివరాలివి. ఒక్కొక్కదానికి ఒక ఉదయమో సాయంత్రమో సరిపోతుంది.

మొదటి నడక: కోట, నది, సరాయి

చౌక్ బజార్ వద్ద తపతి ఒడ్డున ఉన్న కోటతో నడక మొదలవుతుంది. పోర్చుగీసువారు పదే పదే దాడిచేసి పట్టణాన్ని తగలబెట్టడంతో గుజరాత్ సుల్తాన్ మూడో మహ్మూద్ షా దీని నిర్మాణానికి ఆదేశించాడు. ఖుదావంద్ ఖాన్ బిరుదు గల సేనాని 1540లో పని ప్రారంభించి 1546 నాటికి పూర్తిచేశాడు. మూలల్లో గుండ్రని బురుజులు, మందమైన గోడలు, చుట్టూ కందకం దీని ప్రత్యేకతలు. 1573లో కోట అక్బర్ వశమైంది. 1759లో ఈస్టిండియా కంపెనీ చేతికి వెళ్లింది. తర్వాతి కాలంలో ప్రభుత్వ కార్యాలయాలకు నెలవైన ఈ కట్టడాన్ని నగరపాలక సంస్థ పునరుద్ధరించి ప్రదర్శనశాలగా తీర్చిదిద్దింది.

కోట పక్కనే ఉన్న వంతెన మీది నుంచి నదిని చూడవచ్చు. 1877లో ఇక్కడ కట్టిన హోప్ వంతెన స్థానంలో ఇప్పుడు వివేకానంద వంతెన ఉంది. పెద్ద ఓడలు నదిలోకి రాలేక సముద్రతీరాన సువాలీ వద్ద లంగరు వేసేవి. సరుకు అక్కడి నుంచి పట్టణానికి చేరేది.

నది ఒడ్డు నుంచి వెనుదిరిగి కొద్దిసేపు నడిస్తే ముగలీసరా వస్తుంది. మక్కా యాత్రకు ఓడ ఎక్కేవారి వసతి కోసం షాజహాన్ కాలంలో, 1644లో కట్టిన సత్రమిది. కొంతకాలం చెరసాలగా కూడా ఉపయోగపడింది. 1867 నుంచి ఇందులో పురపాలక కార్యాలయం నడుస్తోంది. పన్ను కట్టడానికి వచ్చే పౌరులు నేటికీ మొఘల్ కాలపు ద్వారం గుండానే లోపలికి వెళతారు. పని దినాల్లో రద్దీ ఎక్కువ. అక్కడి నుంచి చౌక్ బజార్‌కు తిరిగి వస్తే మొదటి వలయం పూర్తవుతుంది.

రెండో నడక: కవి ఇల్లు, గోపీ తళావ్

చౌక్ బజార్ నుంచి గోపీపురా వైపు సాగితే ఆమ్లీరాన్‌లో కవి నర్మద్ ఇల్లు కనిపిస్తుంది. నర్మద్ (1833-1886) ఆధునిక గుజరాతీ సాహిత్యానికి ఆద్యుల్లో ఒకరు. పదాలకు గుజరాతీలోనే అర్థాలిచ్చే తొలి నిఘంటువు ‘నర్మకోశ్’ ఆయన కృషి ఫలితమే. గుజరాత్ రాష్ట్ర గీతం రచయిత కూడా ఆయనే. ‘సరస్వతీ మందిర్’ అని పేరుపెట్టుకున్న ఆయన ఇల్లు ఇప్పుడు స్మారక భవనం.

తర్వాతి మజిలీ గోపీ తళావ్. పదహారో శతాబ్ది ఆరంభంలో మలిక్ గోపీ అనే సంపన్న వర్తకుడు తవ్వించిన చెరువిది. గోపీపురా పేరు కూడా ఆయనదే. శతాబ్దాల పాటు ఎండి, పూడిపోయిన చెరువును నగరపాలక సంస్థ తిరిగి నీటితో నింపి ఉద్యానంగా మార్చింది. సాయంత్రం వేళ గట్టు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, మరో వీధి గుండా చౌక్‌కు తిరిగి రావచ్చు.

మూడో నడక: పోటీపడ్డ సమాధులు

కతార్‌గామ్ దర్వాజా వరకు ఆటోలో వెళ్లి, అక్కడి నుంచి నడవాలి. ఆంగ్లేయుల, డచ్చివారి, ఆర్మేనియన్ల శ్మశానవాటికలు ఈ ప్రాంతంలోనే ఉన్నాయి. అన్నీ భారత పురావస్తు సర్వేక్షణ శాఖ రక్షణలో ఉన్న కట్టడాలే.

ఆంగ్లేయుల వాటికలో క్రిస్టోఫర్ ఆక్సెండెన్ (మరణం 1659), జార్జ్ ఆక్సెండెన్ (మరణం 1669) సోదరుల జంట సమాధి ముఖ్యమైనది. జార్జ్ కథ మొదటి నడకలోని కోటతో ముడిపడి ఉంది. 1664 జనవరిలో శివాజీ సేన సూరత్‌పై దాడిచేసినప్పుడు నగర పాలకుడు ఇనాయత్ ఖాన్ ఆ కోటలోకి వెళ్లి తలుపులు మూసుకున్నాడు. అదే సమయంలో జార్జ్ తన వర్తక స్థావరాన్ని కాపాడుకున్నాడు. అందుకు మెచ్చి ఔరంగజేబు కంపెనీకి సుంకాల్లో రాయితీ ఇచ్చాడు.

డచ్చివారి వాటికలో అన్నిటికన్నా పెద్ద కట్టడం హెండ్రిక్ వాన్ రీడ్ సమాధి. కొచ్చి నుంచి సూరత్ వస్తూ 1691లో ఆయన సముద్రం మీదే మరణించాడు. కేరళ ఔషధ మొక్కలపై 12 సంపుటాల ‘హోర్టస్ మలబారికస్’ను వెలువరింపజేసినవాడు ఆయనే. ఆక్సెండెన్ సమాధిని మించి ఉండాలన్న పట్టుదలతోనే డచ్చివారు దీన్ని రెండంతస్తులుగా, గుమ్మటంతో కట్టారని చెబుతారు. రెండు కట్టడాల్లోనూ ఐరోపా చర్చి కన్నా ఇస్లామీయ రోజాల పోలికే ఎక్కువ. స్థానికుల ముందు హోదా చాటుకోవాలంటే స్థానిక వాస్తు భాషలోనే మాట్లాడాలని ఇరుపక్షాలూ గ్రహించాయి.

తెలుగు నేలతో బంధం

నాటి వాడుకలో ‘ఫ్యాక్టరీ’ అంటే కర్మాగారం కాదు. కంపెనీ ప్రతినిధులు నివసిస్తూ సరుకు నిల్వచేసే స్థావరం. ఆంగ్లేయులు అలాంటి స్థావరాన్ని 1611లో మచిలీపట్నంలో, 1613లో సూరత్‌లో నెలకొల్పారు. రెండు చోట్లా వారిని ఆకర్షించినది నేతగాళ్ల పనితనమే. డచ్చివారి సమాధులు మచిలీపట్నంలోనూ ఉన్నాయి. 1687లో కంపెనీ ప్రధాన కేంద్రం బొంబాయికి తరలడంతో సూరత్ ప్రాభవం తగ్గడం మొదలైంది. నేత మాత్రం నగరాన్ని విడిచిపోలేదు. తెలంగాణ జిల్లాల నుంచి వలస వచ్చిన పద్మశాలీలు లింబాయత్ తదితర ప్రాంతాల్లో స్థిరపడ్డారు. పురపాలక పాఠశాలల్లో తెలుగు మాధ్యమం కూడా ఉంది. మగ్గాల పని మీద నగరానికి వచ్చిన ఈ కుటుంబాలకు కోట, సమాధులు పరాయి చరిత్ర కావు. వస్త్ర వాణిజ్యమే వీటిని నిలబెట్టింది.

గుర్తుంచుకోవలసినవి

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు నడకకు అనువైన కాలం. ఆ చలికాలంలోనే లేత జొన్న గింజలతో చేసే పోంక్ దొరుకుతుంది. లోచో ఏడాది పొడవునా లభిస్తుంది. మెట్రో పనుల వల్ల చౌక్ బజార్ పరిసరాల్లో దారులు మారుతుంటాయి కనుక స్థానికులను అడిగి బయలుదేరడం మేలు. ప్రదర్శనశాల వేళలను, సెలవులను ముందుగా తెలుసుకోవాలి. సమాధుల గోడల మీద పేర్లు చెక్కడం చట్టరీత్యా నేరం. మూడు శతాబ్దాల వానలను తట్టుకున్న సున్నపు పూతకు ఒక మేకు గీత చాలు.