సత్యప్రమాణం వేరు.. సాక్ష్యాధారం వేరు

సర్పంచిపై ఆరోపణ వస్తే చట్టం చూపే దారి ఇదీ

కాణిపాకం (ఐరాల): పంచాయతీ నిధులు స్వాహా చేశారని ఒకరు, అదంతా కక్షసాధింపేనని మరొకరు ఆరోపించుకున్న ప్రతిసారీ చిత్తూరు ప్రాంతంలో వినవచ్చే సవాలు ఒకటే. ‘తప్పు చేయకుంటే కాణిపాకం వచ్చి ప్రమాణం చెయ్యి’. వరసిద్ధి వినాయకుని సన్నిధిలో అసత్యం పలికినవారికి కీడు తప్పదన్న నమ్మకం తరతరాలుగా బలంగా పాతుకుపోయింది. కోనేట స్నానమాచరించి, తడిబట్టలతో స్వామి ఎదుట నిలిచి ప్రమాణం చేయడం ఇక్కడి ఆచారం. ఊరి తగవుల్లో మొదలైన ఈ ఆనవాయితీ రాజకీయాల్లోకీ పాకింది. అయితే ప్రమాణంతో ఊరి నోరు మూతపడవచ్చునేమో గాని, ఖర్చయిన సొమ్ముకు లెక్క తేలదు. ఆ లెక్క తేల్చేందుకు చట్టం వేరే మార్గం ఏర్పరచింది.

బాహుదా తీరాన దండన కథ

కాణిపాకం చెంత పారే బాహుదా నదికి ఆ పేరు రావడానికి కారణంగా శంఖలిఖితుల కథ చెబుతారు. అన్నగారి అనుమతి లేకుండా తోటలోని ఫలం కోసుకుని తిన్నందుకు లిఖితునికి రాజు చేతులు నరికించాడని, నదిలో మునగగానే అవి తిరిగి మొలిచాయని స్థలపురాణం. చిన్న తప్పుకు పెద్ద శిక్ష పడిన కథ ఇది. తప్పుకు శిక్ష ఉండాలి, అది తప్పుకు తగినట్లూ ఉండాలి అన్న చర్చకు నేటికీ తావిస్తోంది.

ఒకనాడు కోర్టులోనూ చెల్లింది

ఆంగ్లేయుల పాలనలో వచ్చిన 1873 నాటి ప్రమాణాల చట్టంలో ఒక వెసులుబాటు ఉండేది. ఎదుటి పక్షం ఫలానా రీతిన ప్రమాణం చేసి చెబితే దానికి కట్టుబడతానని కక్షిదారుడు కోర్టులో అంగీకరించవచ్చు. అలా ప్రమాణం చేసి చెప్పిన మాట అతనిపై తుది సాక్ష్యంగా చెల్లేది. దాని స్థానంలో వచ్చిన 1969 నాటి చట్టంలో ఆ ఏర్పాటు లేదు. కాబట్టి గుడిలో చేసే ప్రమాణం నేడు విశ్వాసానికి సంబంధించినదే తప్ప విచారణకు ప్రత్యామ్నాయం కాదు.

ఇద్దరూ ప్రమాణం చేస్తే..?

2020 డిసెంబరులో తూర్పుగోదావరి జిల్లా బిక్కవోలు వినాయకుని గుడిలో ఇదే చిక్కు ఎదురైంది. అవినీతి ఆరోపణలపై అనపర్తి శాసనసభ్యునిగా ఉన్న సత్తి సూర్యనారాయణరెడ్డి, మాజీ శాసనసభ్యుడు నల్లమిల్లి రామకృష్ణారెడ్డి పరస్పరం సవాళ్లు విసురుకుని, పోలీసు బందోబస్తు నడుమ ప్రమాణాలు చేశారు. ఎవరి వాదన వారిదే. ఒకే విషయంపై ఇరుపక్షాలూ ప్రమాణం చేసినపుడు ఏది నిజమో తేల్చే అధికారి గుడిలో ఉండరు.

249వ సెక్షన్ ఏం చెబుతోంది?

73వ రాజ్యాంగ సవరణ దరిమిలా వచ్చిన ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం-1994లోని 249వ సెక్షన్ సర్పంచి, ఉప సర్పంచిలపై చర్య తీసుకునే అధికారాన్ని జిల్లా కలెక్టరుకు కట్టబెట్టింది. మండల, జిల్లా పరిషత్ అధ్యక్షుల విషయంలో ఆ అధికారం ప్రభుత్వానిది. ప్రధానంగా నాలుగు కారణాలు ఉన్నాయి. ప్రభుత్వ ఉత్తర్వులను ఉద్దేశపూర్వకంగా ధిక్కరించడం, పదవిని దుర్వినియోగం చేయడం, విధి నిర్వహణలో దుష్ప్రవర్తన, సంస్థకు నష్టం కలిగేలా విధులను పదేపదే విస్మరించడం.

తొలగింపునకు ముందు సంజాయిషీ ఇచ్చుకునే అవకాశం కల్పించడం తప్పనిసరి. విచారణ పెండింగులో ఉండగా మూడు నెలలకు మించకుండా సస్పెండు చేయవచ్చు. పొడిగించినా మొత్తం ఆరు నెలలు దాటరాదు. పదవి కోల్పోయినవారు రెండేళ్లపాటు తిరిగి ఆ పదవికి పోటీ చేసేందుకు అనర్హులు. రాజీనామా చేసినంత మాత్రాన విచారణ ఆగదు. కలెక్టరు ఉత్తర్వుపై ప్రభుత్వానికి అప్పీలు చేసుకోవచ్చు.

అవిశ్వాసం సర్పంచికి వర్తించదు

సర్పంచిని ఓటర్లు నేరుగా ఎన్నుకుంటారు. అందువల్ల వార్డు సభ్యులంతా ఏకమైనా అవిశ్వాస తీర్మానంతో దించలేరు. ఉప సర్పంచి, మండల, జిల్లా పరిషత్ అధ్యక్షులకు మాత్రమే అవిశ్వాసం వర్తిస్తుంది. గ్రామ పంచాయతీ ఎన్నికలు పార్టీరహితం గనుక అక్కడ విప్ ప్రసక్తి లేదు. పార్టీ గుర్తులపై గెలిచే ఎంపీటీసీ, జడ్పీటీసీ సభ్యులు అధ్యక్ష ఎన్నికలో విప్ ధిక్కరిస్తే సభ్యత్వం కోల్పోవలసి వస్తుంది. ఇక ఎన్నికల్లో డబ్బు, మద్యం పంచినట్లు రుజువైతే అనర్హతతోపాటు మూడేళ్ల వరకు జైలుశిక్షకు వీలు కల్పిస్తూ 2020లో చట్టాన్ని సవరించారు.

అధికారానికీ హద్దులు

చర్య తీసుకునే అధికారం ఎన్నిక కాని అధికారి చేతిలో ఉండటంపై విమర్శలు లేకపోలేదు. రాజకీయ ప్రత్యర్థులు ఫిర్యాదును ఆయుధంగా మలచుకునే ప్రమాదం ఉంది. మహారాష్ట్రకు చెందిన రవి యశ్వంత్ భోయిర్ కేసులో సుప్రీంకోర్టు 2012లో ఈ అంశాన్ని స్పష్టం చేసింది. ఎన్నికైన ప్రతినిధిని ప్రభుత్వోద్యోగితో సమానంగా చూడరాదని, తొలగింపునకు గట్టి ఆధారాలు, సహజ న్యాయసూత్రాల పాటింపు అవసరమని పేర్కొంది. ఛత్తీస్‌గఢ్‌లోని జశ్‌పూర్ జిల్లాలో ఒక యువ మహిళా సర్పంచిని అకారణంగా తొలగించిన వ్యవహారంలో 2024 నవంబరులో అదే న్యాయస్థానం ఆమెను తిరిగి పదవిలో నిలిపి, రూ.లక్ష చెల్లించాలని ఆ రాష్ట్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది. పనుల జాప్యాన్ని సాకుగా చూపి మహిళా ప్రతినిధులను వేధించడం తగదని మందలించింది.

ఇంగ్లండులో పరిస్థితి ఇందుకు భిన్నం. 2011 నాటి స్థానిక పాలన చట్టంతో ప్రతి కౌన్సిలూ ప్రవర్తనా నియమావళి రూపొందించుకోవలసి వచ్చింది గాని, నియమం తప్పిన సభ్యుణ్ని సస్పెండు చేసే అధికారం మాత్రం పోయింది. మన చట్టంలో శిక్ష ఉంది, ప్రత్యేక నైతిక నియమావళి లేదు.

ఆధారాల సేకరణ ఎలా?

పంచాయతీలో ప్రతి పనికీ తీర్మానాల పుస్తకం, నగదు పుస్తకం, వోచర్లు, ఇంజినీరింగు సిబ్బంది రాసే కొలతల పుస్తకం (ఎం-బుక్) ఉంటాయి. వేయని రోడ్డుకు బిల్లు చేసుకున్నారో లేదో చెప్పేవి ఇవే. సమాచార హక్కు చట్టం-2005 కింద వీటి నకళ్లు కోరవచ్చు. రాష్ట్ర నిబంధనల ప్రకారం గ్రామస్థాయిలో దరఖాస్తు రుసుము లేదు. మండలస్థాయిలో రూ.5. ముప్పై రోజుల్లో సమాధానం ఇవ్వాలి. గ్రామసభలో ప్రశ్నించి, ఆ ప్రశ్నను నమోదు చేయించడం రెండో మెట్టు. ఆపై సోమవారం కలెక్టరేటులో జరిగే అర్జీల స్వీకరణలో నకళ్లు జతపరచి ఫిర్యాదు చేయవచ్చు. పంచాయతీ అధికారుల విచారణ నివేదికపై కలెక్టరు తాఖీదు జారీ చేస్తారు. ఆడిట్‌లో నష్టం తేలితే సర్‌ఛార్జి రూపంలో రాబట్టే వీలుంది. లంచం వ్యవహారమైతే అవినీతి నిరోధక శాఖను ఆశ్రయించవచ్చు. సర్పంచి సైతం చట్టం దృష్టిలో ప్రజాసేవకుడే.

ఎవరికి మేలు?

సవాళ్లతో కాలం గడిచేకొద్దీ ఆధారాలు చెదిరిపోతాయి. కార్యదర్శులు బదిలీ అవుతారు, పదవీకాలం ముగుస్తుంది. నిర్దోషియైన సర్పంచికైనా గుడి మెట్లపై పోగయ్యే జనం కన్నా, నిర్ణీత గడువులో ముగిసే విచారణే మేలు చేస్తుంది. తెలుగులో ప్రమాణమంటే ఒట్టు అనే అర్థంతోపాటు రుజువు అనే అర్థమూ ఉంది. పంచాయతీ సొమ్ము విషయంలో అక్కరకు వచ్చేది రెండోదే.