వీధి గుమ్మం లేని వాటా

అన్నదమ్ములు వేరుపడేటప్పుడు గదులు పంచుకోవడం పెద్ద పని కాదు. లెక్క తేలుతుంది, నడిమి గోడ లేస్తుంది. తగాదా అంతా వీధి గుమ్మం దగ్గర వస్తుంది. అది ఎవరి వాటాలో పడింది? రెండోవాడు ఏ దారిన నడవాలి? కాగితం మీద వాటా రాసి దారి రాయకపోతే, ఆ వాటా ఉన్నట్టా లేనట్టా?

హార్డ్ డిస్కు కూడా అలాంటి ఇల్లే. దాన్ని పార్టిషన్లుగా విడగొట్టి ఒక్కోదాంట్లో ఒక్కో ఆపరేటింగ్ సిస్టమ్‌ను కాపురం పెట్టవచ్చు. 1983లో పీసీలకు వచ్చిన పద్ధతి ప్రకారం పంపకాల కాగితం డిస్కు మొట్టమొదటి సెక్టారులో ఉంటుంది. మొత్తం 512 బైట్లు. వాటాల పట్టికకు అందులో దక్కేది 64 బైట్లే. పదహారేసి బైట్లతో నాలుగే వరసలు. చివరి రెండు బైట్లు ముద్ర. మిగిలిన 446 బైట్లలో ఒక బుల్లి ప్రోగ్రాము కూర్చుని ఉంటుంది. మిషను ఆన్ చేయగానే డిస్కులో ముందు లేచేది అదే, ఎవరిని లేపాలో చెప్పేదీ అదే. లోపలి గదిలో ఎంతటివాడు పడుకుని ఉన్నా ఆ ద్వారపాలకుడు పిలవకపోతే తెల్లవారదు.

బీఓఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు అలాగే తెల్లవారలేదు.

దాన్ని కన్నవాడు జాన్ లూయీ గాసే. ఫ్రాన్సులో యాపిల్‌ను నిలబెట్టి, కాలిఫోర్నియాకు వచ్చి అక్కడ ఉత్పత్తుల విభాగానికి పెద్ద అయినవాడు. 1990లో బయటపడి ‘బీ’ అనే కంపెనీ పెట్టాడు. మొదట్లోనే అపశకునం. నమ్ముకున్న హాబిట్ ప్రాసెసరును ఏటీ అండ్ టీ ఆపేసింది. కట్టిందంతా పక్కన పెట్టి పవర్‌పీసీ మీద మళ్లీ మొదలుపెట్టారు. 1995 అక్టోబరులో బీబాక్స్ అనే కంప్యూటరు వచ్చింది. రెండు ప్రాసెసర్లు, ముఖం మీద రెండు దీపాల వరసలు. ఏ ప్రాసెసరు ఎంత కష్టపడుతోందో ఆ దీపాలే చెప్పేవి. ఎంత ముచ్చటైన పెట్టె అయితేనేం, రెండు వేలు కూడా అమ్ముడుపోలేదు.

పెట్టె పోయినా లోపలి ప్రాణం బీఓఎస్ గట్టిది. ఆ కాలపు మామూలు మిషను మీదే నాలుగైదు వీడియోలు పక్కపక్కన ఆడుతూ ఉంటే, మౌసు మాత్రం తొణకకుండా కదిలేది. చేసే ప్రతి పనినీ చిన్న చిన్న థ్రెడ్లుగా చీల్చి ప్రాసెసర్లకు పంచడం దాని పుట్టుకలోనే ఉంది. ఫైల్ సిస్టమ్ తాను చేయబోయే మార్పును ముందుగా చిట్టాలో రాసుకునేది. మధ్యలో ప్లగ్గు పీకినా ఆ చిట్టా చూసుకుని క్షణాల్లో సర్దుకునేది. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ విండోస్ 98 నీలం తెర మీద స్కాన్‌డిస్క్ పాకుతుంటే గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చున్న మన తరానికి ఆ మాట విలువ వేరే చెప్పాలా?

1996లో అదృష్టం తలుపు తట్టింది. పాతబడిన మ్యాక్ సిస్టమ్‌కు వారసుణ్ణి సొంతంగా కనలేక యాపిల్ బయట వెతకడం మొదలుపెట్టింది. బీ గుమ్మం ఎక్కింది. యాపిల్ పన్నెండున్నర కోట్ల డాలర్ల దాకా వచ్చిందనీ, ఇటువాళ్లు ఇరవై కోట్లకు తగ్గమన్నారనీ చెబుతారు. ఆ డిసెంబరులో యాపిల్ స్టీవ్ జాబ్స్ కంపెనీ నెక్స్ట్‌ను దాదాపు 43 కోట్లకు కొనేసింది. గాసేని తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. బిడ్డకు కట్నం ఎంతని అడిగితే ఏ తండ్రి తక్కువ చెబుతాడు? కానీ ఆ సంబంధం మళ్లీ రాలేదు.

ఆ తర్వాతంతా అద్దె కొంపల బతుకు. కొత్త మ్యాక్‌ల లోగుట్టు యాపిల్ చెప్పదు కాబట్టి, 1998 మార్చిలో బీఓఎస్ ఇంటెల్ పీసీలకు వలస వచ్చింది. ఆ ఇళ్లన్నిటా విండోస్ అప్పటికే పెద్దకొడుకు. గాసే పోట్లాటకు దిగలేదు. ‘మీ విండోస్ మీకే ఉండనివ్వండి, పక్కన ఒక పార్టిషన్ మాకివ్వండి’ అన్న తీరులో వచ్చాడు. కంపెనీలకైతే ఉచితంగానే ఇస్తానన్నాడు. ఒక్కటే షరతు. మిషను ఆన్ చేసిన మనిషికి మెనూలో బీఓఎస్ పేరు కూడా కనబడాలి.

జపానులో హిటాచీ ఒప్పుకుంది. ఫ్లోరా ప్రియస్ అనే పీసీల్లో విండోస్‌తో పాటు బీఓఎస్‌నూ ఎక్కించింది. వాటా ఇచ్చారు, కాపురం పెట్టారు. మెనూ మాత్రం పెట్టలేదు. విండోస్ లైసెన్సులో మిషను లేచే వరసను మార్చకూడదన్న నిబంధన ఉందని, దానికి తలవంచే హిటాచీ ఆ పేరు దాచేసిందని బీ తర్వాత కోర్టులో చెప్పుకుంది. కొన్నవాడు మిషను ఆన్ చేస్తే నేరుగా విండోస్ వచ్చేది. తన డిస్కులోనే ఇంకొకరు నిద్రపోతున్నారని ఆ ఇంటివాడికే తెలియదు. తెలిసినా, ఆ గది తెరవడానికి ఫ్లాపీ ఒకటి, వరసగా చేయాల్సిన తతంగం ఒకటి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదు.

గుమ్మం తెరిచి ఉంటే గెలిచేదా? ఏమో. చేతికి అందే ప్రోగ్రాములు తక్కువ, ప్రింటర్లు సరిగ్గా పలికేవి కావు. అయితే జనం చూసి, వాడి, వద్దనుకుంటే అది ఓటమి. చూడనే లేదు.

2000 మార్చిలో అయిదో విడుదల ఇళ్లలో వాడుకునేవాళ్లకు ఉచితంగా వచ్చింది. ఈసారి పార్టిషన్ కూడా అడగలేదు. విండోస్ వాటాలోనే 512 మెగాబైట్ల ఫైలుగా ఒదిగి, ఒక ఐకాన్ నొక్కితే లేచేది. సొంత ఫైల్ సిస్టమ్‌తో పుట్టిన రాజకుమారుడు చివరికి పరాయివాడి పెట్టెలో మడిచిన బట్టలా సర్దుకున్నాడు. మరుసటి ఏడు పామ్ కంపెనీ బీ సాంకేతిక ఆస్తిని కోటీ పది లక్షల డాలర్లకు కొనుక్కుంది. అభిమానులు కొందరు ఆ ఏడే బీఓఎస్‌ను మొదటినుంచి తిరిగి రాయడానికి కూర్చున్నారు. హైకూ అన్న పేరుతో అది ఇప్పటికీ సాగుతోంది.

2002 ఫిబ్రవరిలో బీ మైక్రోసాఫ్ట్ మీద దావా వేసింది. 2003 సెప్టెంబరులో రాజీ కుదిరింది. తప్పు ఒప్పుకోకుండానే మైక్రోసాఫ్ట్ డబ్బు కట్టింది. లాయర్ల ఫీజులు పోను రెండు కోట్ల ముప్పై రెండున్నర లక్షల డాలర్లు, అంటే సిస్టమ్‌ను అమ్ముకుంటే వచ్చినదానికి రెట్టింపు పైచిలుకు. అప్పటికి నడపడానికి సిస్టమ్ లేదు, కంపెనీ పేరుకే మిగిలింది. ఉన్న డబ్బును వాటాదారులు పంచుకున్నారు.