కోలారు పసిడి, నీలి లేజరు
ఇంటి కంప్యూటరుకు డిస్క్ డ్రైవ్ కొనబోయేవాళ్లు దుకాణంలో అడిగేవి సాధారణంగా రెండే: వేగమెంత, ధరెంత. వీటికంటే ముందు అడగాల్సింది మరొకటుంది. రాసినది ఏ డిస్కు మీద ఎక్కువకాలం నిలుస్తుంది, ఆ డిస్కును రాయగల డ్రైవ్ ఏది? కోలారు జిల్లాలో, ముఖ్యంగా బంగారు గనుల ఊరైన కేజీఎఫ్ (కోలార్ గోల్డ్ ఫీల్డ్స్) ఇళ్లలో, ఈ ప్రశ్నకు బరువెక్కువ. 1880లో జాన్ టేలర్ కంపెనీ చేతికి వచ్చిన ఆ గనులు 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ మూతవేసేనాటికి సుమారు 800 టన్నుల బంగారాన్నిచ్చాయి. మూడు కిలోమీటర్లకు పైగా లోతున్న ఛాంపియన్ రీఫ్ గనిలోనే 1965లో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ శాస్త్రవేత్తలు జపాన్, బ్రిటన్ సహచరులతో కలిసి, విశ్వకిరణాల వల్ల వాతావరణంలో పుట్టే న్యూట్రినో కణాల జాడ పట్టారు. మూతపడ్డాక ఆ లోతులన్నిటినీ నీరు ముంచింది. చిత్తూరు, ఉత్తర ఆర్కాటు వైపునుంచి వచ్చి తరాలుగా గనుల్లో దిగిన కుటుంబాల చరిత్ర ఇక ఉన్నది ఫొటోల్లో, జీతం చీటీల్లో, పెళ్లి సీడీల్లో. వాటిని భద్రం చేయడమే డ్రైవ్ ఎంపికకు గీటురాయి కావాలని నా వాదన.

ఇందుకు ఆధారం బంగారమే ఇస్తుంది. 1982లో మార్కెట్లోకి వచ్చిన పాటల సీడీకి అల్యూమినియం పూత సరిపోయింది. 1988లో తైయో యుడెన్ అనే జపాన్ కంపెనీ రాసుకోగల సీడీని తయారుచేసినప్పుడు ఆ పూత పనికిరాలేదు. రాసుకునే సీడీలో లేజరు వేడికి మారే రంగు పొర ఒకటుంటుంది. ఆ రంగు తగిలితే అల్యూమినియం చెడుతుంది. పైగా రంగు కొంత వెలుతురును మింగేస్తుంది గనక వెనకనున్న పూత మరింత బాగా మెరవాలి. సీడీ చదివే పరారుణ కిరణాన్ని బంగారం దాదాపు పూర్తిగా తిప్పికొడుతుంది, తుప్పన్నది ఎరగదు. అందుకే తొలినాటి రాసుకునే సీడీలకు బంగారు పూత వేశారు. ఆ పూత వంద నానోమీటర్ల మందముందనుకుంటే ఒక్కో డిస్కుకు పట్టే బంగారం ఇరవై మిల్లీగ్రాములు. చివరి రోజుల్లో కేజీఎఫ్ రాతిలో టన్నుకు సుమారు మూడు గ్రాములే దొరికేది. ఆ లెక్కన ఒక్క సీడీ పూతకు ఆరేడు కిలోల రాయి పిండి చేయాలి. ఇంత శ్రమ దాగిన లోహం గనకే, గనుల ఖర్చు బంగారం ధరను మించిపోతున్న ఆ కాలంలోనే, డిస్కుల తయారీదారులు చౌకైన వెండి వైపు మళ్లారు.

అయితే వెతికి బంగారు పూత డిస్కులే కొంటే సరిపోతుంది కదా అని అనవచ్చు. వాటిని భద్రత కోసమే ప్రత్యేకంగా తయారుచేసినవాళ్లూ ఉన్నారు. పూతకు చేటు రాదన్నది నిజమే, కానీ అక్షరం ఉన్నది పూతలో కాదు, రంగు పొరలో. ఎండకూ వేడికీ వెలిసిపోయేది ఆ రంగే. ఇంతకంటే లోతైన కారణం బంగారం స్వభావంలోనే ఉంది. నీలి వెలుతురును మింగేస్తుంది గనకే బంగారం పసుప్పచ్చగా కనిపిస్తుంది. సీడీ, డీవీడీల తర్వాత వచ్చిన బ్లూరే డిస్కును చదివేది 405 నానోమీటర్ల నీలి ఊదా లేజరు. మనం మురిసిపోయే ఆ పసిడి వన్నే అక్కడ అడ్డమవుతుంది, అందుకే బ్లూరేలో వెండి మిశ్రమం వాడతారు. అందులో రాత పడే పొర కూడా మామూలు రకాల్లో సేంద్రియ రంగు కాదు, వెలుతురుకు అంత తేలిగ్గా లొంగని అకర్బన పదార్థం. ఎల్‌టీహెచ్ అని ముద్రించినవాటిలో మాత్రం మళ్లీ రంగే ఉంటుంది, వాటిని వదిలేయాలి. కాబట్టి కొనాల్సింది బ్లూరే రైటర్. కాంబో అని అమ్మే డ్రైవులు బ్లూరేను చదువుతాయి గానీ రాయవు, పెట్టె మీది రాత చూసుకోవాలి. రైటర్ అయితే పాత సీడీలూ డీవీడీలూ చదువుతుంది, ఒక్క డిస్కు మీద 25 జీబీ రాస్తుంది.

పెన్‌డ్రైవ్, క్లౌడ్ ఉండగా ఇదంతా ఎందుకన్నది బలమైన అభ్యంతరమే. ఏళ్లపాటు కరెంటు తగలని పెన్‌డ్రైవులో నింపిన విద్యుదావేశం మెల్లగా జారిపోతుంది. క్లౌడ్ ఖాతా తెరిచినవాళ్లు పోతే పాస్‌వర్డు ఇంట్లో ఎవరికీ తెలియకపోవచ్చు. ఒకసారే రాసే డిస్కును వైరస్ చెరపలేదు, పొరపాటున నొక్కిన మీటా చెరపలేదు. క్లౌడ్ వద్దని అనను, రెండూ ఉండాలి. డ్రైవులే కనుమరుగవుతున్నాయి కదా అన్న మాటను మాత్రం తోసిపుచ్చలేం. రాసుకునే బ్లూరే డిస్కుల తయారీని పానసోనిక్ 2023లో, సోనీ 2025లో ఆపేశాయి. తొందరపడాల్సిన కారణం కూడా ఇదే. కొత్త క్యాబినెట్లలో చాలావాటికి డ్రైవ్ పెట్టే అర లేదు గనక ఏ కంప్యూటరుకైనా తగిలించగల యూఎస్‌బీ డ్రైవ్ మేలు. రాసేటప్పుడు కరెంటు చాలక మధ్యలో ఆగకుండా, రెండు ప్లగ్గుల కేబుల్ ఉన్నది చూసుకోవాలి. డిస్కులూ అప్పుడే కొనిపెట్టుకుని, రాసిన ప్రతిదాన్నీ ఇంకొక డ్రైవులో చదివి చూడాలి. కాగితాలు, ఫొటోలు కొన్నాళ్లు ఆగగలవు. ముందుగా కాపీ చేయాల్సింది ఇరవై ఏళ్లనాటి పెళ్లి సీడీలను, రంగు పొర ఇప్పటికే ముసలిదైంది వాటిలోనే.