వియత్నాం సంప్రదాయ వంటకాలు: పుట్టుక, వ్యాప్తి

వియత్నాం వెళ్ళే యాత్రికులకు సంప్రదాయ వంటకాలుగా పరిచయమయ్యేవాటిలో పేరుమోసినవి కొన్ని ఇరవయ్యో శతాబ్దంలో రూపు కట్టినవే. ఉత్తరాన హనోయి, నడుమ హువే, హోయ్ ఆన్, దక్షిణాన సైగాన్ (1976 నుంచి హో చి మిన్ నగరం) వేర్వేరు వంట పద్ధతులకు కేంద్రాలు. బియ్యం, చేప ఊట, పచ్చి ఆకులు అన్నిచోట్లా ఉంటాయి. కారం నడిమి ప్రాంతంలో ఎక్కువ. తీపి, కొబ్బరిపాల వాడకం దక్షిణంలో ఎక్కువ. పుట్టుక కథలు ప్రతి వంటకానికీ ఉన్నాయి. రాతపూర్వక ఆధారం మాత్రం ఫో విషయంలో దొరికినంతగా మిగతా వీధి వంటకాలకు దొరకదు.

ఫో

బియ్యపు పిండిని పలచని రేకులుగా ఆవిరి మీద ఉడికించి, సన్నగా కోసి, ఎముకలు గంటల తరబడి మరిగిన చారులో వేసి, పైన గొడ్డు మాంసపు పలచని ముక్కలు పరిచి ఇచ్చేది ఫో. అనాస పువ్వు, దాల్చినచెక్క, నిప్పుల మీద కాల్చిన అల్లం, ఉల్లి ఈ చారుకు వాసననిస్తాయి.

దీని పుట్టుక మీద ప్రధానంగా రెండు వాదాలున్నాయి. ఫ్రెంచివారి పొతోఫె అనే మాంసపు పులుసే మూలమని ఒకటి, కాంటన్ చైనీయులు అమ్మిన గొడ్డు మాంసపు నూడుల్స్ మూలమని రెండోది. పేర్ల పోలిక చూపి మొదటి వాదాన్ని నిలబెట్టేవారు ఎక్కువే గాని, 1931 నాటి వియత్నామీ నిఘంటువు ఈ మాటను చైనా మూలానికే ముడిపెట్టింది. గేదె మాంసంతో చేసే పాత గ్రామీణ పులుసు నుంచి ఇది వచ్చిందని మూడో కథనమూ ఉంది. వంట సంగతికి వస్తే, ఒక్క వాదంతో లెక్క తేలదు. ఫ్రెంచివారు వచ్చేదాకా వియత్నాంలో పశువులు ప్రధానంగా దుక్కికే. వారి కోసం కోత పెరిగాక ఎముకలు, తక్కువ రకం మాంసం చవకగా మిగిలాయి. వాటిని నూడుల్స్‌తో కలిపి అమ్మే వీధి వ్యాపారం అప్పటికే చైనీయుల చేతిలో ఉండేది. ఈ రెండూ కలిసిన చోట ఫో పుట్టిందనడమే దొరికిన ఆధారాలకు దగ్గరగా ఉంది.

కాలం గురించి కూడా అభిప్రాయ భేదాలున్నాయి. ఉత్తర వియత్నాం ఆహారం గురించి ఫ్రెంచి పండితుడు జార్జి దుముతియే విస్తారంగా రాసి, 1907లో వెలువడిన వర్ణనలో దీని ప్రస్తావన లేదు. అయితే ప్రస్తావన లేనంతమాత్రాన వంటకం లేదనడానికి వీల్లేదు. 1913లో హనోయి వీధుల్లో ఫో అమ్మేవారని రచయిత న్గుయెన్ కోంగ్ హోన్ జ్ఞాపకాల్లో ఉంది. ఇరవయ్యో శతాబ్దం మొదటి పదిహేనేళ్ళలోపు అనుకోవడం భద్రం.

హనోయికి ఆగ్నేయంగా ఉన్న నామ్ దిన్ జన్మస్థలమని అక్కడివారి పట్టు. అక్కడి బట్టల మిల్లు కార్మికులు, ఫ్రెంచి ఉద్యోగులు తొలి కొనుగోలుదార్లట. ఆ ప్రాంతంలోని వాన్ కూ గ్రామస్థులు ఈ వ్యాపారానికి ప్రసిద్ధులు. వారిలో ఒకరు 1925 ప్రాంతంలో హనోయిలో అంగడి పెట్టారని చెబుతారు. మొదట్లో ఫో కావడి మీదే తిరిగేది. ఒక వైపు కట్టెల పొయ్యి మీద చారు కాగు, మరో వైపు నూడుల్స్, మసాలాలు, గిన్నెలు, వాటిని కడుక్కునే వీలు, అన్నీ ఒక మనిషి భుజం మీదే.

1939 ప్రాంతంలో వారానికి రెండు రోజులు గొడ్డు మాంసం అమ్మకం ఆగినప్పుడు కోడి ఫో మొదలైందని అంటారు. శుద్ధతావాదులు దాన్ని చాలాకాలం ఒప్పుకోలేదు. 1954లో దేశం రెండుగా చీలి, పది లక్షల మంది దాకా ఉత్తరాది వారు దక్షిణానికి తరలినప్పుడు ఫో సైగాన్‌లో స్థిరపడింది. మొలకెత్తిన పెసలు, తులసి జాతి ఆకులు, తియ్యటి సాస్ పక్కన పెట్టడం అక్కడి అలవాటు. హనోయి పాతకాపులకు ఇప్పటికీ అది కల్తీయే. ఉత్తరాన ప్రభుత్వం నడిపిన కొట్ల రోజుల్లో మాంసం కరువై వట్టి చారు, నూడుల్స్ మాత్రమే ఇచ్చేవారు. పైలట్ లేకుండా ఎగిరే అమెరికా నిఘా విమానాల పేరిట జనం దాన్ని పైలట్ లేని ఫో అని ఎగతాళి చేశారు. సైగాన్‌లోని ఫో బిన్ హోటల్ మేడ మీద వియత్నాం యుద్ధంలోని 1968 టెట్ దాడికి కమ్యూనిస్టు గెరిల్లాలు పథకం వేశారు. కింద అమెరికా సైనికులు భోంచేస్తూనే ఉండేవారట. 2024లో హనోయి ఫో, నామ్ దిన్ ఫో రెండింటినీ ప్రభుత్వం జాతీయ వారసత్వ జాబితాలో చేర్చింది. జన్మస్థలం తగవు దాంతో తీరలేదు.

హనోయిలో మరి రెండు

బొగ్గుల మీద కాల్చిన పంది మాంసాన్ని పుల్లటి, తియ్యటి చేప ఊట నీళ్ళలో వేసి, బియ్యపు సేమ్యాతో తినేది బున్ చా. 2016 మేలో అప్పటి అమెరికా అధ్యక్షుడు బరాక్ ఒబామా, వంటగాడు, టీవీ వ్యాఖ్యాత ఆంథొనీ బోర్డెయిన్ హనోయిలో తిన్నది ఇదే. వారు కూర్చున్న బల్లను అద్దాల పెట్టెలో పెట్టారు. చా కా మాత్రం పసుపు, దుంపరాష్ట్రం పట్టించిన నదీ చేప ముక్కలను సోయికూర, ఉల్లికాడలతో బల్ల మీదే వేయించే వంటకం. దీన్ని అమ్మే దోవాన్ కుటుంబం తమ హోటల్ 1871 నాటిదని చెప్పుకుంటుంది. ఆ వీధికే చా కా పేరు స్థిరపడింది.

మధ్య వియత్నాం

హువే 1802 నుంచి 1945 దాకా న్గుయెన్ వంశపు రాజధాని. అక్కడి బున్ బో హువేలో నిమ్మగడ్డి, పులియబెట్టిన రొయ్యల ముద్ద, మిరప ముఖ్యం. ఫో కంటే ఘాటు. రాజుల వంటింటి నుంచి వచ్చిందనే మాటను నమ్మడం కంటే, ఆ ఊరి బజారు వంటకంగా చూడడం సబబు. హోయ్ ఆన్‌లోని కావ్ లావ్ నూడుల్స్‌కు బూడిద తేట, బాలే అనే పాత బావి నీళ్ళు ఉండితీరాలంటారు. పదహారు, పదిహేడు శతాబ్దాల్లో అక్కడ జపాన్, చైనా వర్తకులు ఉన్నమాట నిజం. వంటకం వారిలో ఎవరిదన్నది మాత్రం ఊహే.

దక్షిణం

బాన్ మీ ఫ్రెంచి రొట్టె నుంచి వచ్చిందనడంలో వివాదం లేదు. ఉత్తరం నుంచి వలస వచ్చిన దంపతులు 1958లో సైగాన్‌లో తెరిచిన హోవా మా దుకాణం, మాంసం, పచ్చళ్ళు ముందే నింపి చేతికిచ్చే పద్ధతికి తొలి ఆనవాళ్ళలో ఒకటిగా గుర్తింపు పొందింది. బాన్ సేవ్ బియ్యప్పిండి, పసుపు, కొబ్బరిపాలతో పోసే అట్టు. లోపల రొయ్యలు, మొలకలు పెడతారు. గుడ్డు ఉండదు, ఆ పచ్చని రంగు పసుపు వల్ల వచ్చిందే. మన దోసెతో బంధుత్వం కట్టేవారున్నారు గాని ఆధారం చూపలేదు. భారతీయ సంబంధం నిక్కచ్చిగా కనిపించేది కా రి అనే కూరలో. పంతొమ్మిదో శతాబ్దపు సైగాన్‌లో తమిళ వర్తకులు, పుదుచ్చేరి నుంచి వచ్చిన ఉద్యోగులు స్థిరపడ్డారు. అక్కడి మారియమ్మ గుడి వారి ఆనవాలే. కొబ్బరిపాలు, నిమ్మగడ్డి, చిలగడదుంపలతో మారిన ఈ కూరను రొట్టెతో తింటారు.

పండుగ వంట, చేప ఊట

కొత్త సంవత్సరపు టెట్ పండుగకు జిగురు బియ్యం, పెసరపప్పు, పంది మాంసం ఆకులో చుట్టి రాత్రంతా ఉడికించే బాన్ చుంగ్ తప్పనిసరి. హుంగ్ రాజు కొడుకు లాంగ్ లియెవ్ దీన్ని భూమికి గుర్తుగా చతురస్రంగా చేసి రాజ్యం గెలుచుకున్నాడని 1490ల్లో పరిష్కరించిన లిన్ నామ్ చిక్ క్వాయ్ కథల సంపుటిలో ఉంది. దక్షిణాన ఇదే వంటకం బాన్ టెట్ పేరుతో స్తంభంలా ఉంటుంది. తొలి ఆకారం ఆ గుండ్రటిదేనని చరిత్రకారుడు త్రాన్ క్వోక్ వుయోంగ్ వాదించాడు. పురాణం కంటే ఆ వాదమే బలంగా కనిపిస్తుంది.

పై వంటకాల్లో చాలావాటికి ఉప్పు అందించే న్యుక్ మామ్ అనే చేప ఊట నెత్తళ్ళ నుంచి వస్తుంది. ఫూ క్వోక్ దీవిలో సుమారు మూడు పాళ్ళ చేపకు ఒక పాలు ఉప్పు కలిపి, చెక్క తొట్లలో ఏడాది దాకా ఊరబెట్టి అడుగు నుంచి ఊట తీస్తారు. 2012లో ఐరోపా యూనియన్ ఆ పేరుకు రక్షణ ఇచ్చింది. ఆకుకూర వేపుడులోనూ ఇది పడుతుంది కాబట్టి శాకాహారులు చాయ్ (శాకాహారం) అని రాసిన హోటళ్ళు వెతుక్కోవాలి. బౌద్ధులు మాంసం మానే చాంద్రమాసపు 1వ, 15వ రోజుల్లో ఇలాంటి భోజనం సులభంగా దొరుకుతుంది.